మా ఆయన చివరి వరసలో కూర్చున్న రోజు

మా ఆయన లెక్కల మాస్టారు. ఏ మాటనైనా ఉన్నది ఉన్నట్టే తీసుకునే మనిషి. రోజూ తప్పకుండా నడవమని డాక్టరు చెప్పాడని, యానాంలో ఉన్నప్పుడు ఒకసారి తుపాను గాలిలో గొడుగు పట్టుకుని నడకకు వెళ్ళారు. గొడుగు తిరిగి రాలేదు, ఆయన ఒక్కరే వచ్చారు. అలాంటి మనిషి ఎదురుగా నిలబడి తగ్గింపు, అదే వినయం, గురించి ప్రసంగం చేయడం ఎంత ప్రమాదమో మా పాస్టరు గారికి అప్పటికి తెలియదు.

యానాం బడి నుంచి ఆయనకు పుదుచ్చేరికి బదిలీ అయింది. ఉప్పళంలో ఒక మేడ మీది వాటా అద్దెకు తీసుకున్నాం. కింద ఇంటివాళ్ళు ఉండేవారు. వాళ్ళూ తెలుగువాళ్ళే గాని తాతముత్తాతల నాడే ఇటు వచ్చి స్థిరపడిపోయారు. ఇంటాయనకు ఇనప సామాన్ల కొట్టు ఉంది. ఇంట్లో మాట్లాడేది తెలుగే, అందులో సగం తమిళం. తెలుగు అక్షరం మాత్రం ఇంటిల్లిపాదిలో ఒక్కరికీ రాదు. ఇంటాయన తల్లిని వీధి వీధంతా అవ్వ అనేది. మేమూ అలాగే పిలిచేవాళ్ళం.

వాళ్ళు నిష్ఠగా పూజలు చేసుకునే హిందువులు. మేం క్రైస్తవులం. వచ్చిన కొత్తలో మా ఆయనకు ఒక దిగులు పట్టుకుంది. ఒకే కప్పు కింద ఉంటూ ప్రభువు గురించి వాళ్ళకు ఒక్క మాటైనా చెప్పకపోతే ఎలా అని. మాటలు రాని మనిషి కాబట్టి ఒక సువార్త కరపత్రం తీసుకెళ్ళి ఇంటాయన చేతికిచ్చారు. ఆయన రెండు చేతులా అందుకుని, కళ్ళకద్దుకుని లోపలికి తీసుకెళ్ళారు. వారం తర్వాత అవ్వకు ఒంట్లో బాగాలేదంటే చూడటానికి వెళ్ళాను. కరపత్రం వాళ్ళ పూజగదిలో మురుగన్ పటం పక్కన నిలబెట్టి ఉంది. నాలుగు మూలలా పసుపు రాసి, నడుమ కుంకుమ బొట్టు పెట్టి, పైన ఒక మల్లెపూవు గుచ్చారు. ఇంటాయన నన్ను చూసి, "సారు ఇచ్చిన దేవుడి కాగితం. చదవను రాదు కదా, అందుకని మొక్కతా ఉండాము" అన్నారు.

ఈ సంగతి మా ఆయన పాస్టరు గారికి చెప్పుకున్నారు. పాస్టరు గారు నవ్వకుండా వినడానికి చాలా కష్టపడ్డారు. "కాగితాలు వద్దు బ్రదర్. వాళ్ళు చదవాల్సింది మీ బతుకు" అన్నారు. ఆ ఆదివారం ప్రసంగం కూడా దాని మీదే చేశారు. ఎవరైనా విందుకు పిలిస్తే ఎగబడి ముందు చోటు పట్టుకోవద్దని, వెనక చోటు చూసుకుని కూర్చోమని ప్రభువు చెప్పిన సంగతి ఎత్తి, నోరు తెరవకుండా సాక్ష్యం ఇవ్వడం అంటే ఇదేనని చెప్పారు. మా ఆయన పక్కన కూర్చున్న నాకు ఆయన తల ఊపడం చూస్తేనే గుబులు పుట్టింది.

ఆ పై ఆదివారం హాల్లో ఒక వింత జరిగింది. మాది చిన్న సహవాసం, అద్దెకు తీసుకున్న మేడమీద హాలు. అందరూ ఆ ప్రసంగం విన్నవాళ్ళే కాబట్టి అందరూ పెందలాడే వచ్చి వెనక వరసలు నింపేశారు. ఒక్క నిమిషం ఆలస్యంగా వచ్చిన కుటుంబాలు చోటు లేక, తలలు దించుకుని, తప్పు చేసినవాళ్ళలా ముందు వరసల్లో కూర్చున్నాయి. మేం బస్సు దొరక్క ఆలస్యమై అందరికంటే ముందు, పాస్టరు గారి కాళ్ళ దగ్గర కూర్చున్నాం. ఆ పూటంతా మా ఆయన మొహం చూడలేకపోయాను.

చివర కూర్చోవాలన్న ఆ కోరిక తీరకుండా మిగిలిపోయి ఉండగానే ఇంటాయన తాంబూలం పళ్ళెం పట్టుకుని పైకి వచ్చారు. కొడుకు కూతురికి చెవులు కుట్టే వేడుక. ఇక్కడివాళ్ళు దాన్ని కాదుకుత్తు అంటారు, చిన్న పెళ్ళంత చేస్తారు. అరియాంకుప్పంలో మండపం తీసుకున్నారు.

"సారు, మీరు రావాల. రావడం మాత్రం కాదు, ముందర్నే కూసోవాల. మా పెద్ద మనవడికి లెక్కలు వచ్చినాయంటే మీ చలవే. మీకని సోఫా వేయిస్తా ఉండాను."

"ఆయ్, తప్పకుండా వస్తామండి" అన్నారు మా ఆయన. సోఫా గురించి ఏమీ అనలేదు. నాకు అర్థమైపోయింది.

వేడుక రోజు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నారు. బస్సులో వెళ్ళాం. మండపం గుమ్మం దగ్గర పన్నీరు చల్లి, చందనం ఇచ్చారు. నేను ఆడవాళ్ళ వైపు నడుమ వరసలో కూర్చున్నాను. వేదిక ముందు ఎర్ర సోఫాలు వేసి ఉన్నాయి. వాటిలో ఒకదాని మీద తెల్ల తువ్వాలు పరిచి పెట్టారు, అది మా ఆయన కోసమే. ఆయన దాన్ని దాటి, గోడవారగా నడుచుకుంటూ, కుర్చీలన్నీ అయిపోయేదాకా వెళ్ళి, చేతులు కడుక్కునే కుళాయిల పక్కన ఒక కాలు కొంచెం వంగిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. అక్కడినుంచి వెనక తలుపులోంచి వంటశాల కనిపిస్తుంది. ఆయన మొహంలో పరీక్షలో మొదటి జవాబు కుదిరిన పిల్లవాడి శాంతి ఉంది.

ఇంటాయన పరుగున వచ్చారు.

"ఏంది సారు, ఈడ కూసున్నారు? ముందర సోఫా ఉండాది కదా."

"ఇక్కడే బాగుందండి."

"ఫ్యాను లేదు సారు ఈడ."

"గాలి బాగానే వస్తోందండి."

"అది గాలి కాదు సారు, వంటశాల పొగ."

మా ఆయన దగ్గుతూనే బాగుందన్నారు. ఇంటాయన కాసేపు చేతులు నలుపుకుంటూ నిలబడి వెళ్ళిపోయారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మన శుభకార్యాల్లో వెనక వరసలో కూర్చునేది తగ్గింపు ఉన్నవాడు కాదు, అలిగినవాడు. కాఫీ అందలేదనో, పిలుపులో తన పేరు తర్వాత వచ్చిందనో కోపం వచ్చిన చుట్టం చివరికెళ్ళి కూర్చుంటాడు. వాణ్ణి బతిమాలి ముందుకు తీసుకురావడం ఇంటివాళ్ళ బాధ్యత. యానాంలోనూ అంతే, పుదుచ్చేరిలోనూ అంతే. మా ఆయనకు లెక్కలు తెలుసు గాని ఈ లెక్క తట్టలేదు.

కాసేపట్లో ఇంటాయన కొడుకు వెళ్ళాడు. తర్వాత కోడలు కాఫీ గ్లాసు పట్టుకుని వెళ్ళింది. కాఫీ తాగారు గాని లేవలేదు. తర్వాత ఇంటాయన బావమరిది, కొట్టు పక్క కొట్టాయన, ఇద్దరూ కలిసి వెళ్ళి చెరొక చెయ్యి పట్టుకున్నారు. మా ఆయన నవ్వుతూ కుర్చీని గట్టిగా పట్టుకున్నారు. వంగిన కాలు ఇంకొంచెం వంగింది. జనం తలలు తిప్పి చూడటం మొదలుపెట్టారు. నా పక్కన కూర్చున్నావిడ చెవి దగ్గరికి వంగింది.

"ఏమ్మా, మీ ఆయనకి ఏంది కోపం?"

"కోపం ఏమీ లేదండి."

"మా ఆయన గూడా కోపం వస్తే అట్లనే చెప్తాడు" అంది ఆవిడ, నా చెయ్యి నిమురుతూ.

మాట వరసలు దాటి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ పెరిగింది. ముందు, సారుకు తాంబూలం ఎడమ చేత్తో ఇచ్చారన్నారు. తర్వాత, సోఫా మీద తువ్వాలు పాతదన్నారు. మేష్టర్ని ఇల్లు ఖాళీ చేయమన్నారట పాపం అని, నేనెవరో తెలియక, ఎవరో నాతోనే అన్నారు. నేను ఔననలేక, కాదనలేక చీర కొంగు సర్దుకుంటూ కూర్చున్నాను. లేచి వెళ్ళి ముందుకు రమ్మని చెబుదామంటే, ఆయన సాక్ష్యాన్ని నేనే పాడు చేసినట్టవుతుందని భయం. ఊరుకుంటే ఇంటివాళ్ళ వేడుక పాడవుతుందని భయం.

అసలు ఆ రోజు అలిగే హక్కు ఒక్కరికే ఉంది. ఆయన పిల్ల మేనమామ. విల్లియనూరు నుంచి వచ్చిన రైతు, బుర్ర మీసాల మనిషి. చెవిపోగులు తెచ్చేది ఆయన, పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకోవాల్సింది ఆయన. పళ్ళూ పూలూ చీరా పెట్టిన పళ్ళేలతో తాను గుమ్మంలో దిగినప్పుడు మేళం మోగలేదని పొద్దుట్నుంచీ లోపల ఉడుకుతున్నారు. మేళగాళ్ళు అప్పుడు ఇడ్లీ తింటున్నారట. సరైన సమయం చూసి అలుగుదామనుకుంటూ ఉండగానే, ఊరూ పేరూ తెలియని ఒక మాస్టారి చుట్టూ ఇంటివాళ్ళంతా మూగి బతిమాలుతుండటం ఆయన చూశారు.

వేదిక మీది నుంచి ఆయన గొంతు మైకు అక్కర్లేకుండానే వినిపించింది. "నేను తాయ్‌మామన్ని. నన్ను ఏందని అడిగినోడు లేడు. ఆ మేష్టరుకి మాత్రం ఊరంతా ఊడిగమా." చెవిపోగుల డబ్బీ చంకలో పెట్టుకుని, మెట్లు దిగి, వరసలన్నీ దాటి, మా ఆయన్ను కూడా దాటి, వెనక తలుపు గుండా వంటశాలలోకి వెళ్ళిపోయారు. అక్కడ బోర్లించి ఉన్న పెద్ద గుండిగ మీద కూర్చున్నారు. వంటమేస్త్రీకి పాయసానికి ఆ గుండిగే కావాలి. అతను గరిటె పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. అడగడానికి ధైర్యం చాలలేదు.

అప్పుడు మా ఆయన లేచారు. జనమంతా, హమ్మయ్య, ముందుకొస్తున్నాడు అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఆయనకు వచ్చిన ఇబ్బంది వేరు. తన వెనక ఇంకొకరు కూర్చున్నారు కాబట్టి ఇప్పుడు తనది చివరి చోటు కాదు. ఆయన నెమ్మదిగా వెనక తలుపు దాటి, మేనమామను దాటి, ఉల్లిపాయల గోనె పక్కన నేల మీద కూర్చున్నారు.

నేనిక ఆగలేక లేచి వెళ్ళాను. నా వెనకే ఆడవాళ్ళు ఒక వరస వరసంతా వచ్చారు. మేం వెళ్ళేసరికి మేనమామ మా ఆయన వైపు తిరిగి చూస్తున్నారు.

"ఏంది, ఈడికీ వచ్చినావు?"

"మీరు పెద్దలు. మీ వెనక కూర్చోవడం నాకు న్యాయమండి" అన్నారు మా ఆయన.

అలిగినవాడికి ఎదుటివాడు మర్యాద చేస్తే అలక నిలబడదు. అందులోనూ బడిపంతులు నేల మీద కూర్చుని ఉండగా తాను గుండిగ మీద ఉండటం ఆయనకే సిగ్గనిపించినట్టుంది. "మేష్టరు కింద కూసుంటే నేను పైన కూసునేది మర్యాద కాదు" అని గొణుక్కుంటూ దిగి ఆయన కూడా నేల మీద కూర్చున్నారు, మా ఆయనకు ఇంకాస్త వెనకగా. వంటమేస్త్రీ చటుక్కున గుండిగ లాక్కుపోయాడు. మా ఆయన మేనమామకు దణ్ణం పెట్టి ఇంకాస్త వెనక్కి జరిగారు. మేనమామ, "అది కుదరదు సారు" అని ఆయనా జరిగారు. అలా ఇద్దరూ కూర్చున్నచోటనుంచి కూర్చున్నట్టే, ఒకరికొకరు మర్యాద చేసుకుంటూ, అరటాకుల కట్టలు దాటి, కట్టెల మోపు దాటి, వెనక ప్రహరీ గోడకు వీపులు ఆనేదాకా వెళ్ళారు. అక్కడ గోడ అడ్డమొచ్చింది కాబట్టి ఆగారు.

మండపంలో కంసాలి సూది పట్టుకుని కూర్చుని ఉన్నాడు. అయ్యవారు ముహూర్తం దాటిపోతోందని మైకులో చెబుతున్నారు. ఇంటాయన గోడ దగ్గర నిలబడి ఒకసారి మేనమామ వైపు, ఒకసారి మా ఆయన వైపు చూస్తున్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి మా ఆయన మొహం వాడిపోయింది. ఏదో తేడా వచ్చిందని అప్పటికి ఆయనకు తెలిసింది. కానీ ఎక్కడ తేడా వచ్చిందో తెలియలేదు. లేవబోయారు. మేనమామ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. "మీరు లేస్తే నేనూ లేవాల. నన్ను ఇంకా ఎవురూ పిలవలేదు" అన్నారు.

అప్పుడు అవ్వ వచ్చింది. కర్ర పొడుచుకుంటూ, పట్టుచీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టి, తడి నేల మీద జాగ్రత్తగా అడుగులేస్తూ. ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

"ఎవురి అలక ఎవురిదో నాకొద్దు. వాళ్ళు ఆడికి రారంటే బిడ్డ ఈడికి వస్తాది. దానికి రెండు చెవులు ఉండాయి, యాడ కుట్టినా ఒకటే. ఆ కంసాలిని పిలవండి."

అంతే. వేడుక మొత్తం వంటశాల వెనక్కి కదిలింది. మేళగాళ్ళు నాదస్వరం పట్టుకుని వచ్చారు. మేనమామ ముందు నిలబడి గట్టిగా ఊదమని అవ్వ చెప్పింది, ఊదారు. ఆయన మీసాలు కొంచెం వదులయ్యాయి. ఫొటోగ్రాఫరు లైట్లు పెట్టడానికి చోటు లేక ఒకటి కట్టెల మోపు మీద పెట్టాడు. ఎర్ర సోఫాల్లో కూర్చున్న పెద్దలంతా లేచి వచ్చి ఉల్లిపొట్టు మీద నిలబడ్డారు. వాళ్ళలో ముందు నిలబడ్డవాళ్ళకు పొయ్యి సెగ తగులుతోంది. వెనక నిలబడ్డవాళ్ళకు ఏమీ కనపడటం లేదు.

పిల్లకు గుండు చేయించి చందనం పూశారు. పట్టు పరికిణీ వేశారు. మేనమామ ఒళ్ళో కూర్చోగానే కంసాలి చేతిలో సూది చూసి జారిపోబోయింది. "తల పట్టుకునేవాళ్ళు ఒకరు కావాల" అన్నాడు కంసాలి. అక్కడ అందరికంటే దగ్గరగా ఉన్నది మా ఆయనే. రెండు అరచేతులూ పిల్ల తల మీద ఆనించి పట్టుకున్నారు, కళ్ళు మూసుకున్నారు. పెదాలు కదిలాయి. ప్రార్థన చేస్తున్నారని నాకు తెలుసు. అవ్వకు కూడా తెలిసినట్టుంది, మేళగాళ్ళను ఆగమని చెయ్యి చూపించింది. ఒక చెవి అయింది. రెండో చెవి అయ్యేటప్పుడు పిల్ల మా ఆయన బొటనవేలు గట్టిగా కొరికింది. ఆయన చెయ్యి తీయలేదు.

భోజనాల దగ్గర మళ్ళీ గొడవ మొదలవబోయింది. మొదటి బంతిలో మొదటి ఆకు ముందు మీరు కూర్చోండి అంటే మీరు కూర్చోండి అని మా ఆయనా మేనమామా నిలబడ్డారు. వాళ్ళు కూర్చోనిదే మిగతావాళ్ళు కూర్చోకూడదు. ఆకుల మీద ఉప్పు, పచ్చడి వేసి ఉన్నాయి, ఈగలు వాలుతున్నాయి. అవ్వ ఓపిక అయిపోయింది. ఒకరికి రసం బకెట్టు, ఒకరికి అప్పడాల బుట్ట ఇప్పించింది. "మీరు ఇద్దరూ తినొద్దు. వడ్డించండి" అంది.

ఆ తర్వాత మా ఆయన్ను ఎవరూ పట్టించుకోలేదు. వడ్డించేవాడి మొహం ఎవరు చూస్తారు. చొక్కా చేతులు పైకి మడిచి, వంగి వంగి, ఒక్కో ఆకు దగ్గరా ఆగుతూ వెళ్ళారు. ఒకాయన ఇంకా వెయ్యమని గదమాయించాడు. ఇంకొకాయన చాలని చెప్పినా పోశాడని విసుక్కున్నాడు. తెల్ల చొక్కా ముందంతా పసుపుపచ్చ మరకలు. నేను రెండో బంతిలో కూర్చున్నాను. నా ఆకు ముందుకొచ్చి, తల ఎత్తకుండా, "అమ్మా, రసం వెయ్యమంటారా" అని అడిగారు. "వెయ్యండి" అన్నాను. పోసి పక్క ఆకుకు వెళ్ళిపోయారు. నన్ను గుర్తు పట్టనే లేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన అంత నిమ్మళంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు సాయంత్రం ఇంటాయన పైకి వచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"సారు, నిజం చెప్పండి. మా వల్ల ఏం తప్పు జరిగినాది? రాత్రి అన్నం దిగలేదు నాకు."

మా ఆయన ఎంతో బాధపడిపోయారు. బొటనవేలికి కట్టిన గుడ్డ నిమురుకుంటూ, ప్రభువు చెప్పిన విందు సంగతి మొదట్నుంచీ చెప్పారు. మాటలు రాని మనిషి అంతసేపు ఆపకుండా ప్రభువు గురించి మాట్లాడటం అదే మొదటిసారి. ఇంటాయన శ్రద్ధగా విన్నారు.

"అంటే అది కోపం కాదు. భక్తి."

"ఆయ్. అదేనండి."

"ముందే చెప్పుంటే ఆ కుళాయిల కాడనే సోఫా వేయించేవాణ్ణి కదా సారు. తువ్వాలు గూడా ఆడనే పరిచేవాణ్ణి."

నేను కాఫీ కలపడానికి వంటింట్లోకి వెళ్ళిపోయాను. అక్కడ నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాను. తిరిగి వచ్చేసరికి ఇంటాయన కూర్చుని ఉన్నారు, ఇద్దరూ పిల్ల చెవులు పుండు పడకుండా ఏం రాయాలో మాట్లాడుకుంటున్నారు.

ఆ డిసెంబరులో మా సహవాసం క్రిస్మస్ కూడికకు వాళ్ళను పిలిచాం. పిలిచామే గాని వస్తారనుకోలేదు. ఇంటాయన పట్టుపంచె కట్టుకుని, అవ్వను ఆటోలో ఎక్కించుకుని, ఒక గంపెడు పళ్ళతో వచ్చారు. అవ్వ మెట్లు ఎక్కడానికి ఇద్దరం చెరో వైపు పట్టుకున్నాం. పాస్టరు గారు ఎదురొచ్చి, "ముందుకు రండి, ఇక్కడ కూర్చోండి" అని మొదటి వరస చూపించారు. ఇంటాయన ఒక్క మాట అనకుండా వెళ్ళి కూర్చున్నారు. శాలువా కప్పితే కప్పించుకున్నారు. పాట పుస్తకం ఇస్తే తలకిందులుగా పట్టుకుని, చివరిదాకా అలాగే పట్టుకున్నారు. లేచి నిలబడమంటే నిలబడ్డారు, కూర్చోమంటే కూర్చున్నారు.

మా ఆయన పక్క నుంచి ఆయన్నే చూస్తున్నారు. నా వైపు వంగి, "ఎంత తేలిగ్గా కూర్చున్నాడో చూశావా" అన్నారు నెమ్మదిగా. నా పక్కన అవ్వ ప్రసంగం మొదలైన కాసేపటికే నిద్రపోయి, తల నా భుజం మీద వాల్చింది. కొప్పులోని కనకాంబరాలు నా మెడకు గుచ్చుకుంటున్నాయి. కదిలితే లేస్తుందని కదల్లేదు, భుజం మొద్దుబారిపోయింది, ఆ రోజు పాస్టరు గారు ఏం చెప్పారో నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. ఆఖరి ప్రార్థనకు ఆమేన్ అని అందరూ గట్టిగా అనేసరికి అవ్వ ఉలిక్కిపడి లేచింది. చుట్టూ చూసి, చీర సర్దుకుని, "రొంబ బాగా చెప్పినాడమ్మా మీ పాస్టరు" అంది.